అమ్మకానికి పెట్టిన ఇంటికి కాపలా ఎవరిది?

ఇంటి తరఫు: ఖాళీగా ఉన్నంత మాత్రాన అది దిక్కులేని ఇల్లు కాదు మాస్టారూ. మా అక్క అమెరికాలో ఉన్నా ఆస్తి పన్ను ఆగలేదు, కరెంటు బిల్లు ఆగలేదు. గేటుకు ‘అమ్మబడును’ అని బోర్డు ఉంది, దాని కింద నా ఫోన్ నంబరుంది. ఇన్ని ఉండగా, ప్రహరీ దూకి మేడ మీద మందు సిట్టింగ్ పెట్టినవాళ్ళను వదిలేసి, ఇల్లు ఎందుకు ఖాళీగా ఉంచారని మమ్మల్ని అడుగుతున్నారు. ఆ మాట వింటే కష్టంగా ఉంటుంది. తప్పు చేసింది లోపలికి దూకినవాడు, తాళం వేసుకుని వెళ్ళినవాళ్ళు కాదు.

వీధి తరఫు: దూకినవాడిది తప్పే. ఆ మాట ఎవరి ముందైనా అంటాను. అయితే నీ బోర్డును ఓసారి మా వైపు నుంచి చూడు బాబూ. కొనేవాళ్ళు ఏ ఆదివారమో వచ్చి చదువుతారు. చీకటి పడ్డాక చోటు వెతుక్కునే కుర్రాళ్ళు రోజూ చదువుతారు. ఇక్కడ ఎవరూ ఉండరు, అడిగేవాళ్ళు ఫోనులోనే దొరుకుతారు అని వాళ్ళకు అర్థమవుతుంది. తీర్థయాత్రకో పెళ్ళికో ఇల్లు తాళం పెట్టి వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారు, ఆ జంకు అందరికీ ఉంటుంది. మీ ఇంటి సంగతి అలా కాదు. ఉన్నవాళ్ళు ఇక రారు, రావాల్సినవాళ్ళు ఇంకా రాలేదు. ఈ మధ్యకాలంలో ఆ ఇల్లు ఎవరు చూస్తున్నారు? మేం చూస్తున్నాం. మేం అడగలేదు, మాకు మీరు అప్పగించనూ లేదు.

ఇంటి తరఫు: పక్కన ఒక ఇల్లు మూసి ఉంటే మీకు వచ్చిన బరువేమిటో చెప్పండి.

వీధి తరఫు: చెబుతాను. సంపు మీద మూత జరిగిపోయింది. బంతి కోసం గోడ దూకే పిల్లలున్న వీధి ఇది. ఓవర్‌హెడ్ ట్యాంకులో నీళ్ళు నిలిచి ఉన్నాయి, డెంగీ దోమ పుట్టడానికి వారం పది రోజులు కదలని నీళ్ళు చాలు. పెరట్లో గడ్డి నడుము దాకా పెరిగింది. ఖాళీ సీసాలు పక్కింటి బట్టల తీగ కింద పడుతున్నాయి. ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు మీ గేటు రాగానే రోడ్డు దాటి అవతలి పక్క నడుస్తున్నారు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, వాళ్ళే నేర్చుకున్నారు. రాత్రి పదకొండింటికి 112కు ఫోన్ చేసేది నువ్వు కాదు, పక్కింటి ఆవిడ. వచ్చిన కానిస్టేబుల్ ఆవిణ్ణి అడిగే మొదటి ప్రశ్న: మీరు ఓనరా?

ఇంటి తరఫు: ఆ ప్రశ్న తప్పు. నేరం జరుగుతోందని ఎవరైనా చెప్పవచ్చు, ఓనరే చెప్పాలని లేదు. భారతీయ న్యాయ సంహితలో 329వ సెక్షన్ ఉంది. ఇంట్లోకి అక్రమంగా చొరబడితే ఏడాది దాకా జైలు, 5 వేల దాకా జరిమానా. పోలీసులు వారంటు లేకుండా కదలగలిగిన నేరమే అది. కదలకపోవడం వాళ్ళ లోపం. ఆ లోపాన్ని మా అక్క ఖాతాలో వేయకండి.

వీధి తరఫు: వేయను. కానీ ఆ సెక్షన్ నువ్వు చెప్పినంత సూటిగా లేదు. పాత శిక్షాస్మృతిలో 441గా ఉన్న మాటే ఇప్పుడూ ఉంది. నేరం చేయాలనో, స్వాధీనంలో ఉన్న మనిషిని బెదిరించాలనో, అవమానించాలనో, ఇబ్బంది పెట్టాలనో ఉద్దేశంతో దూరితేనే అది క్రిమినల్ చొరబాటు. లోపల మనిషే లేని ఇంట్లో ఎవరిని ఇబ్బంది పెట్టాలనుకున్నారని లాయరు అడుగుతాడు. దూరంగా ఉన్న యజమానిది కూడా స్వాధీనమే, నిజమే. అయినా ఆ ఉద్దేశం రుజువు కావాలంటే ఎవరో ఒకరు వద్దని చెప్పి ఉండాలి, చెప్పినా వినలేదని సాక్ష్యం ఉండాలి. వద్దని చెప్పే నోరు మీ ఇంట్లో లేదు.

ఇంటి తరఫు: అందుకే చట్టం గట్టిపడాలంటాను. అమెరికాలో ఫ్లోరిడా వాళ్ళు 2024లో చేశారు. అనుమతి లేకుండా ఇంట్లో చేరినవాళ్ళ మీద యజమాని ప్రమాణపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే, షెరీఫ్ వచ్చి పరిశీలించి వెంటనే ఖాళీ చేయిస్తాడు. ఇంగ్లండులో 2012 నుంచి, నివాస గృహంలో అక్రమంగా చేరి ఉండిపోవడమే నేరం. ఇక్కడ మాత్రం నేను స్టేషన్ మెట్లెక్కితే వినిపించేది ఒకటే, ‘ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకెళ్ళండి’. ఆ ఒక్క మాట అడ్డం పెట్టుకుని మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్ళు చేతులు మారాయో మీకు తెలియంది కాదు.

వీధి తరఫు: తెలుసు. కానీ ఆ చట్టాన్ని మన ఊళ్ళో పెట్టి చూడు. ఇక్కడ అద్దె చీటీ లేని కాపురాలే ఎక్కువ. అడ్వాన్సు చేతికిస్తారు, నెల నెలా నోట్లు లెక్కపెడతారు, రసీదు అడిగితే నమ్మకం లేదా అంటారు. అలాంటి ఇంటి ఓనరుకు మంచి బేరం తగిలి, వీళ్ళు అక్రమంగా చేరారని ప్రమాణం చేస్తే, సాయంత్రానికి సామాన్లు రోడ్డు మీద ఉంటాయి. అద్దెకున్నవాడు తను కిరాయిదారునని దేన్ని చూపించి రుజువు చేయాలి?

ఇంటి తరఫు: ఫ్లోరిడా చట్టంలో దానికి అడ్డు ఉంది. అద్దెకున్నవాళ్ళ మీద, ఖాళీ చేసిన పాత కిరాయిదార్ల మీద అది వాడకూడదు. అబద్ధం చెప్పి గెంటిస్తే గెంటించినవాడి మీద దావా వేయవచ్చు.

వీధి తరఫు: రోడ్డు మీద సామాన్ల పక్కన కూర్చున్నవాడు దావా వేయాలి.

ఇంటి తరఫు: సరే, ఆ భయం నిజమైనదే. కిరాయిదారును చొరబాటుదారుగా చూపించే ఓనర్లు ఉంటారు. దాన్ని నేను కొట్టిపారేయను. మీరు కూడా నా వైపు ఒకటి చూడాలి. ఆస్తి విషయంలో చట్టం కాలాన్ని బట్టి మారిపోతుంది. దూరినవాడు ఇంకా కుదురుకోకముందు ఓనరు తగుమాత్రం బలం వాడి బయటికి పంపవచ్చు. కుదురుకున్నాక, హక్కు లేనివాడైనా సరే, కోర్టు ద్వారానే పంపాలి. ‘స్థిరపడిన స్వాధీనం’ అంటారు, 2003లో సుప్రీంకోర్టు మళ్ళీ విడమరిచి చెప్పింది. బలవంతంగా బయటపెడితే 6 నెలల్లోపు దావా వేసుకుంటే టైటిల్ జోలికి పోకుండానే స్వాధీనం తిరిగి ఇప్పిస్తారు, అది స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం. ఆ గడువు దాటితే ఇక టైటిల్ దావా, ఏళ్ళకు ఏళ్ళు. అడ్డు లేకుండా 12 ఏళ్ళు గడిస్తే లిమిటేషన్ చట్టం కింద హక్కే పోతుంది. ఈ లెక్కలన్నీ తొలి రోజు నుంచే మొదలవుతాయి. తొలి రోజున మా అక్క ఎక్కడుంటుంది? పన్నెండు వేల కిలోమీటర్ల అవతల, మన రాత్రి ఆమెకు పగలుగా. దూరంగా ఉన్నవాళ్ళకు తొలి రోజే చట్టం అండగా నిలవాలని నేను అడగడం అన్యాయమా?

వీధి తరఫు: అన్యాయం కాదు. కానీ నువ్వు ఇద్దరిని ఒకే గాటన కడుతున్నావు. కబ్జా చేసేవాడు వేరు, సిట్టింగ్ పెట్టే కుర్రాడు వేరు. మేడ మీద బీరు తాగినవాడు 12 ఏళ్ళు తాగినా ఆ ఇల్లు వాడిది కాదు. కబ్జాదారు గోడ దూకి రాడు, కాగితం పట్టుకుని గేటులోంచి వస్తాడు. దొంగ జీపీఏ, పాత తేదీతో అమ్మకం అగ్రిమెంటు, మార్చిన తాళం, గేటు మీద కొత్త పేరు, లోపల పెట్టిన ఒక కుటుంబం. వాణ్ణి ఎదుర్కోవడానికి కెమెరా కంటే నెలకోసారి తీసే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) ఎక్కువ పనికొస్తుంది. కుర్రాళ్ళకు మాత్రం, పై గదిలో రాత్రి ఒక లైటు వెలిగితే చాలు.

ఇంటి తరఫు: ఆ ఇద్దరికీ సంబంధం లేదనుకుంటున్నారా? కబ్జా ముఠాలు ఇల్లు ఎలా ఎంచుకుంటాయి? ఏ ఇంట్లో పేకాట ఆడినా ఎవరూ అడగలేదో, ఏ ఇంటి తాళం విరిగి నెలైనా ఎవరూ మార్చలేదో ఆ ఇల్లే. అడిగేవాళ్ళు లేరని లోకానికి తెలియజేసేది ఆ కుర్రాళ్ళే. వాళ్ళకు ఆ ఉద్దేశం లేకపోవచ్చు. దారి మాత్రం వాళ్ళు వేసిందే. పేకాటే చూడండి. 1974 నాటి జూదం చట్టం కింద దాడి జరిగితే ముందు ఆరా తీసేది ఆ చోటు ఎవరిదని. తను అడుగుపెట్టని ఇంటి గురించి మా అక్క స్టేషన్‌కు జవాబు చెప్పుకోవాలి.

వీధి తరఫు: నిజమే, అది ఒప్పుకుంటాను. అయినా గట్టిగా ఉండటం పేరుతో మనుషులు ఎంత దూరం పోతారో కూడా నాకు భయం. గోడ మీద గాజు పెంకులు సరే. మొన్న నువ్వే అన్నావు, మేడ మెట్లకు కరెంటు తీగ చుట్టిస్తే పీడా పోతుందని.

ఇంటి తరఫు: కోపంలో అన్నాను.

వీధి తరఫు: కోపంలో అన్నది ఒకాయన చేశాడు, బీహార్‌లో. పక్కింటి మరుగుదొడ్డి గోడ కూలిపోతే ఆ ఇంటివాళ్ళు ఈయన మరుగుదొడ్డి వాడుకోసాగారు. వద్దని చెప్పాడు, వినలేదు. దారికి అడ్డంగా కరెంటు తీగ కట్టాడు. ఒక ఆడమనిషి తగిలి చచ్చిపోయింది. జాగా నాది, ఆమె అనుమతి లేకుండా వచ్చింది, నా ఆస్తిని కాపాడుకునే హక్కు నాకుంది అని సుప్రీంకోర్టు దాకా వాదించాడు. 1963లో కోర్టు కాదంది. చొరబడినంత మాత్రాన మనిషి ప్రాణానికి రక్షణ పోదంది. నిర్లక్ష్యంగా ప్రాణం తీసినందుకు వేసిన శిక్ష అలాగే నిలిచింది. బాబూ, మీ మేడ ఎక్కే కుర్రాళ్ళలో పదహారు దాటనివాళ్ళున్నారు. పొద్దున నాకు నమస్కారం పెట్టి కాలేజీకి వెళ్తారు.

ఇంటి తరఫు: తీగ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది ఎవరూ చేయకూడని పని. కానీ చేయదగినవి చేస్తే అవీ చాలవంటారు మీరు. కెమెరాలు పెట్టాం. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసులే తాళం వేసిన ఇళ్ళలో కెమెరా పెట్టి, లోపల కదలిక ఉంటే కంట్రోల్ రూముకు సంకేతం వెళ్ళే ఎల్‌హెచ్ఎంఎస్ నడిపారు. అలాంటిది ప్రతి ఊళ్ళో ఉంటే ఈ గొడవ సగం తగ్గదా?

వీధి తరఫు: ఊరెళ్ళేవాళ్ళు చెప్పి పెట్టించుకుంటే కొన్నాళ్ళు కాపాడే ఏర్పాటు అది. పండక్కి ఊరెళ్ళినవాళ్ళకు మేలే. ఏళ్ళ తరబడి అమ్ముడుపోని ఇంటికి ఏ స్టేషనైనా కెమెరా ఎన్నాళ్ళు కేటాయిస్తుంది? మీ సొంత కెమెరా సంగతి నాకు తెలుసు. అలర్టు మీ అక్క ఫోనులో మోగుతుంది. ఆమె నీకు ఫోన్ చేస్తుంది. నువ్వు ఊరికి ఆ చివర ఉంటావు, నాకు ఫోన్ చేస్తావు. చివరికి టార్చిలైటు పట్టుకుని గేటు దగ్గర నిలబడి ‘ఎవర్రా అది’ అనేది నేను. నాకు డెబ్బయి ఏళ్ళు.

ఇంటి తరఫు: మరి ఏం చేయమంటారు? మనిషిని పెట్టమంటారా?

వీధి తరఫు: అవును. మనిషి ఉన్న ఇంటికి మిగతావన్నీ చిన్న విషయాలే. అద్దెకివ్వండి. ఇష్టం లేకపోతే వాచ్‌మన్ కుటుంబాన్ని పెట్టండి. సాయంత్రం వాకిట్లో ఊడ్చిన గుర్తు, పొయ్యి మీద పోపు వాసన, తీగ మీద ఆరేసిన చీర ఉన్న ఇంటి గోడ ఏ కుర్రాడూ దూకడు.

ఇంటి తరఫు: అద్దెకిస్తే కొనేవాడు మొదటి మాటే అంటాడు, ఖాళీ చేయించి చూపించండి, అప్పుడే అడ్వాన్సు అని. ఖాళీ చేయమంటే కిరాయిదారు వచ్చే జూన్ అంటాడు. బేరం పోతుంది. వాచ్‌మన్ అంటే, ఏళ్ళు గడిచాక ఇది నాదే అంటే?

వీధి తరఫు: అనలేడు. ఆ భయం పెట్టుకోనక్కర్లేదు. 2012లో గోవా ఇంటి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాపలాకు పెట్టినవాడు, పనివాడు, వాచ్‌మన్, ఎంతకాలం ఉన్నా ఆ ఇంటి మీద అతనికి హక్కు పుట్టదు. అడిగిన రోజున ఖాళీ చేయాలి. యజమాని వైపు చూస్తే ఇంతకంటే గట్టి మాట ఉండదు.

ఇంటి తరఫు: మరి మీ గొంతులో సంతోషం లేదు.

వీధి తరఫు: ఎలా ఉంటుంది? పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో పనికోసం వచ్చిన కుటుంబాన్ని అలాంటి ఇళ్ళలో పెడతారు. ఉండటానికి చోటిచ్చాం కదా అని చాలామంది జీతం ఇవ్వరు, ఇచ్చినా నామమాత్రం. ఆ మనిషి రాత్రంతా మేలుకుంటాడు, ఆమె నాలుగిళ్ళలో పనిచేస్తుంది, పిల్లల్ని పక్క సర్కారు బడిలో వేస్తారు. ఏ కార్తీకంలోనో బేరం కుదురుతుంది. రెండు రోజుల్లో ఖాళీ చేయమంటారు. బడి మధ్యలో ఉంటుంది. ఇంటి ధర నిలబడటానికి వాళ్ళ కాపలా అవసరమైంది, ఆ ధరలో వాళ్ళకు పైసా లేదు. చట్టం మీ పక్షాన ఉందని నీ ధైర్యానికి చెప్పాను. అది సరిపోయే న్యాయమని నేను అనలేను.

ఇంటి తరఫు: వాచ్‌మన్‌కు హక్కు పుడుతుందంటే రేపటి నుంచి ఎవరూ వాచ్‌మన్‌ను పెట్టుకోరు. అప్పుడు ఆ కుటుంబానికి ఆ చోటూ ఉండదు.

వీధి తరఫు: హక్కు ఇమ్మనలేదు. కాగితం మీద జీతం, ఖాళీ చేయడానికి బడి సెలవుల దాకా గడువు, అమ్మిన రోజున చేతిలో ఇంత అని ఒప్పందం. నెదర్లాండ్స్‌లో ఖాళీ భవనాల్లో తక్కువ డబ్బుకు మనుషుల్ని ఉండనిచ్చే సంస్థలే ఉన్నాయి. 2010లో అక్కడ ఖాళీ ఇళ్ళు ఆక్రమించడాన్ని నేరం చేశారు, అయినా ఖాళీ ఇంటికి మనిషే కాపలా అన్న పద్ధతిని వదల్లేదు.

ఇంటి తరఫు: మాస్టారూ, అక్కడ అలా ఉండేవాళ్ళూ అదే గోడు వెళ్ళబోసుకుంటారు. కిరాయిదారుకుండే రక్షణ తమకు లేదని, కొద్దిరోజుల నోటీసుతో లేపేస్తారని. ఇక్కడ వాచ్‌మన్ విషయంలో మీకు బాధ కలిగించిన ఏర్పాటునే అక్కడిదని చెప్పి మెచ్చుకుంటున్నారు.

వీధి తరఫు: అవును, ఆ ఉదాహరణ నా వాదానికి నిలబడదు. కాగితం మీద జీతం అన్న మాట మాత్రం నిలబడుతుంది.

ఇంటి తరఫు: ఇప్పుడు నేను ఒకటి అడుగుతాను, నొచ్చుకోవద్దు. అనుమతి లేకుండా మా ఇంట్లో జరిగిన వాటిలో పెద్దది కుర్రాళ్ళ సిట్టింగ్ కాదు. కాలనీ పెద్దలు పెట్టిన వినాయకుడు. పోర్టికోలో మండపం కట్టారు. మా మీటరు నుంచి వైరు లాగారు. ప్రసాదాలకు పొయ్యి పెడితే టైల్స్ పగిలాయి. ఆ తొమ్మిది రోజుల్లోనే ఒకాయన ఇల్లు చూడ్డానికి వచ్చాడు. గేటు దగ్గరే ఆగిపోయి, రేపు ఈ చోటు కమిటీది అంటారేమోనని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఫోన్ ఎత్తలేదు.

వీధి తరఫు: అడక్కుండా పెట్టడం మా తప్పు. పగిలిన టైల్స్‌కు కమిటీ డబ్బు కట్టాలి, కట్టిస్తాను. అయితే నువ్వు కూడా ఇది వినాలి. ఏడాదిలో ఆ ఇంట్లో దీపం వెలిగింది ఆ తొమ్మిది రోజులే. సీసాలు లేవు, పేక ముక్కలు లేవు. ఆడపిల్లలు మీ గేటు ముందు నుంచే నడిచారు. పెరట్లో గడ్డి కోసింది కమిటీ కుర్రాళ్ళే, వాళ్ళలో ఇద్దరు మీ మేడ ఎక్కేవాళ్ళు కూడా.

ఇంటి తరఫు: మీరు అడిగి ఉంటే మేం కాదనేవాళ్ళం కాదేమో. నా బాధంతా అక్కడే. అడిగి వచ్చినవాడు మా ఇంటికి వచ్చిన మనిషి. అడక్కుండా వచ్చినవాడు దేవుణ్ణి తెచ్చినా చొరబడ్డవాడే. వచ్చినవాడు మంచివాడా చెడ్డవాడా అని నేను చూడటం లేదు, మా మాటకు అక్కడ విలువ ఉందా లేదా అని చూస్తున్నాను.

వీధి తరఫు: ఆ మాటే పట్టుకో. అనుమతితో ఉన్నవాడు ఎన్నేళ్ళున్నా అది యజమానికి వ్యతిరేకమైన స్వాధీనం కాదు. చట్టం మొదటి నుంచీ చెప్పేది అదే. అంటే నువ్వు ఇచ్చే ఒక అనుమతి చీటీ నీ తాళం కంటే గట్టిది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, ఫలానా పనికి, మా అనుమతితో అని రాసి ఇద్దరూ సంతకం పెడితే, ఆ కాగితమే మీ అక్క స్వాధీనానికి సాక్ష్యం. ఖాళీగా పడి ఉన్న గది ఎవరికీ ఏ సాక్ష్యమూ ఇవ్వదు. పొద్దున పిల్లలకు ట్యూషన్, సాయంత్రం పెద్దవాళ్ళు కూర్చోవడానికి పోర్టికో. రాసివ్వండి. మేం చూసుకుంటాం.

ఇంటి తరఫు: కోర్టులో మీరన్నది నిలబడుతుంది. వీధిలో నిలబడదు. వినాయకుడు తొమ్మిది రోజులకు వచ్చి నిమజ్జనానికి వెళ్తాడు. ఆ గద్దె మీద ఎవరైనా ఒక రాయి నిలబెట్టి పసుపు కుంకుమ పెడితే, ఆ గద్దె తీయడానికి ఏ కార్పొరేటరు వస్తాడు, ఏ ఎస్సై వస్తాడు? నా చేతిలో చీటీ ఉంటుంది, ఎదురుగా వందమంది ఉంటారు. ఆ వందమందిలో మీరు ఎటు నిలబడతారు మాస్టారూ?

వీధి తరఫు: ...ఆ ప్రశ్నకు ఇప్పుడు నేనేం చెప్పినా తేలిక మాటే అవుతుంది. అలా జరిగిన చోట్లు నేనూ చూశాను. మీ వైపు నిలబడతానని అనుకుంటాను. నాతో ఎంతమంది నిలబడతారో చెప్పలేను.

ఇంటి తరఫు: నిజం చెప్పారు. అందుకే నేను అనుమతి ఇవ్వడానికి జంకుతాను.

వీధి తరఫు: జంకు అర్థమైంది. కానీ జంకు పేరుతో ఎన్నాళ్ళు? 2011 జనగణనలో ఈ దేశపు పట్టణాల్లో ఖాళీగా తేలిన ఇళ్ళు సుమారు 1 కోటి 11 లక్షలు. మరుసటి ఏడాదే కేంద్రం వేసిన నిపుణుల బృందం పట్టణాల్లో ఇళ్ళ కొరత 1 కోటి 87 లక్షలు దాటిందని చెప్పింది. కెనడాలో వాంకూవర్ నగరం 2017 నుంచి ఖాళీ ఇంటి మీద విడిగా పన్ను వేస్తోంది. హైదరాబాద్‌లో ఇల్లు ఖాళీగా ఉందని చూపిస్తే ఆస్తి పన్నులో తగ్గింపు ఇస్తారు. ఖాళీ ఇంటివల్ల వీధికి అయ్యే ఖర్చు ఎవరి లెక్కలోనూ లేదు.

ఇంటి తరఫు: దేశపు కొరతను తెచ్చి మా అక్క గుమ్మం ముందు పెట్టకండి. ఆ కొరతలో దాదాపు అంతా పేదలది, చిన్న రాబడి వాళ్ళది. కోటి పలికే ఈ ఇంటికి ఎంత పన్ను వేసినా వాళ్ళెవరూ ఇందులోకి రారు. మేం దీన్ని కావాలని ఖాళీగా ఉంచామా? నాన్నగారు పోయారు. వారసులందరి సంతకాలు కావాలి, ఒకరు సింగపూర్‌లో, ఒకరు విజయవాడలో. ఒక లింకు డాక్యుమెంటులో ఇంటి నంబరు తప్పు పడింది, దాన్ని సరిచేయించడానికే ఏడాది దాటింది. ఇక్కడ ఉండేవాళ్ళ దగ్గర 50 లక్షలు, ఆపైన ధర పలికే ఇల్లు కొంటే కొనేవాడు 1 శాతం టీడీఎస్ పట్టుకుని కడితే సరిపోతుంది. ఎన్నారై దగ్గర కొంటే పట్టుకోవాల్సింది దానికి ఎన్నో రెట్లు. తక్కువ పట్టుకోవచ్చని ఆదాయపన్ను శాఖ సర్టిఫికెట్ ఇచ్చేదాకా ఆగాలి. ఎన్నారై ఇల్లు అనగానే సగం మంది వెనక్కి తగ్గుతారు. ఇవన్నీ దాటి వచ్చినవాడికి గేటులో సీసా కనిపిస్తే రేటు తగ్గించమంటాడు.

వీధి తరఫు: సంతకాల కష్టం నిజం. కానీ నిరుడు ఒక బేరం వచ్చింది. మెట్రో లైను పొడిగిస్తే రేటు పెరుగుతుందని మీరే ఆగారు.

ఇంటి తరఫు: ఆగాం. అది మా ఇష్టం కాదా? ధర పెరిగితే లాభం మాది, పడితే నష్టం మాది.

వీధి తరఫు: లాభం మీదే. ఆగిన ఆ ఏడాదీ సంపు చూసుకుంది, దోమల్ని భరించింది, రాత్రి ఫోన్లు చేసింది మేము. ఆస్తి బదిలీ చట్టం ఏమంటుంది? అమ్మకం ఒప్పందం అయ్యాక ఇల్లు అప్పగించేదాకా, జాగ్రత్త గల యజమాని ఎలా చూసుకుంటాడో అలా ఆ ఇంటిని చూడాల్సిన బాధ్యత అమ్మేవాడిది. 55వ సెక్షన్. కొనేవాడికి అంత పూచీ ఉంది. కొనేవాడు దొరక్కముందు పక్కింటివాడికి ఏ పూచీ ఉంది?

ఇంటి తరఫు: ఉంది. ఇంటివల్ల అందరికీ ఇబ్బంది అయితే మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టుకోవచ్చు, మున్సిపాలిటీ నోటీసు ఇవ్వవచ్చు. ఆ నోటీసు వస్తే మేం కాదనలేం. మీరు ఇన్నాళ్ళలో ఒక్క అర్జీ పెట్టలేదు.

వీధి తరఫు: మీ నాన్నగారితో పాతికేళ్ళు పక్కపక్కన నడిచినవాణ్ణి. ఆయన ఇంటి మీద అర్జీ పెట్టమంటావా?

ఇంటి తరఫు: పెట్టమనలేను. కానీ మీరు పెట్టకపోవడం కూడా ఈ పరిస్థితిలో భాగమే కదా. మా మీద అర్జీ పెట్టరు, కుర్రాళ్ళ మీద ఫిర్యాదు పెట్టరు. అడుగుతున్నాను, ఈసారి మేం కేసు పెడితే మీరు సాక్షిగా వస్తారా?

వీధి తరఫు: ఆ కుర్రాళ్ళలో ఒకడు నా దగ్గర లెక్కలు నేర్చుకున్నాడు. ఒకడి తండ్రి ఈ వీధి ఆటోవాలా, అర్ధరాత్రి మా ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళినవాడు. కేసు పడితే రేపు పోలీసు వెరిఫికేషన్‌లో కనిపిస్తుంది, పాస్‌పోర్టుకు, ఉద్యోగానికి అడ్డం వస్తుంది. మీరు ఇల్లు అమ్మి వెళ్ళిపోతారు. సాక్ష్యం చెప్పినవాణ్ణి నేను ఇక్కడే ఉంటాను, వాళ్ళూ ఇక్కడే ఉంటారు.

ఇంటి తరఫు: ఆ మేడ మీద ఒక రాత్రి ఎవరైనా తూలి కింద పడితే? ఆ ఖాళీ గదిలోకి ఎవరైనా ఒక ఆడపిల్లను లాక్కెళితే? అప్పుడు కూడా వాళ్ళు మీ శిష్యులే అవుతారు. ఇవాళ మీరు నోరు విప్పకపోతే ఆ రోజుకు దారి ఇచ్చినవాళ్ళం మనందరం.

వీధి తరఫు: ఆ రెండో మాట తలచుకునే నాకు నిద్ర పట్టడం లేదు. సరే. ముందు నీతో పాటు నేనూ వచ్చి ఆ కుర్రాళ్ళ ఇళ్ళకు వెళ్ళి తల్లిదండ్రుల ముందు చెబుదాం. అయినా గోడ దూకితే నేనే ఫిర్యాదు మీద సంతకం పెడతాను, వాయిదాలకు కూడా వస్తాను. దానికి బదులుగా సంపుకు ఇనప మూత, ట్యాంకు ఖాళీ చేయించడం, పై గదిలో రాత్రి లైటు ఈ వారంలోనే కావాలి. గేటు తాళం ఒకటి మా దగ్గర ఉండాలి.

ఇంటి తరఫు: మూత, ట్యాంకు, లైటు చేయిస్తాను. గేటు తాళం మీ ఒక్కరి చేతికి ఇస్తాను, కమిటీకి కాదు. ఇంటి తాళం ఎవరికీ ఇవ్వను. తల్లిదండ్రుల దగ్గరికి వస్తాను కానీ, ఆ తర్వాత కేసు వద్దని మీరు అడ్డుపడితే వినను.

వీధి తరఫు: ఇంకొకటి ఉంది. ఉండటానికి వచ్చేవాడికి అమ్మండి. కొని మళ్ళీ తాళం వేసి, రేటు కోసం ఆగేవాడికి అమ్మితే మేం మొదటికొస్తాం.

ఇంటి తరఫు: ఎక్కువ ఇచ్చేవాడు ఇన్వెస్టరే అయితే, వారసుల్లో ఏ ఒక్కరిని తక్కువకు ఒప్పుకోమని నేను అడగగలను? ఇల్లు ఎవరికి అమ్మాలన్నది కూడా వీధి చెబితే ఇక మా చేతిలో మిగిలేదేమిటి?

వీధి తరఫు: చెప్పే హక్కు మాకు లేదు. అడుగుతున్నాం. కనీసం రిజిస్ట్రేషన్‌కు ముందు కొనేవాణ్ణి ఒకసారి మా ముందుకు తీసుకురా. ఇల్లు ఏం చేస్తాడో మేమే అడుగుతాం.

ఇంటి తరఫు: తీసుకొస్తాను. మీరు వద్దన్నా అమ్ముతాను మాస్టారూ, అది ముందే చెబుతున్నాను.

వీధి తరఫు: వద్దనాల్సి వస్తే వద్దనే అంటాం. అతను వింటూ ఉండగానే అంటాం.